దివాణపు ముచ్చటలు

1967 మొదలు ఎనిమిదవ నిజామని పిలువబడిన ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబులు నగరమున కాలధర్మము నొందిరి. భౌతికకాయమును హైదరాబాదునకు తెచ్చి, చౌమహల్లా భవనమున ప్రజల దర్శనార్థముంచి, అధికార లాంఛనములతో మక్కామసీదునందు ఖననము గావించిరి. ఆ వారమంతయు కరీంనగరములో మేము పోయినచోట నెల్ల ఇదియే ప్రసంగము. బస్సుస్టాండు చేరువనున్న చాయ దుకాణములందు, వకీళ్ల ఇండ్ల అరుగులపై, పెండ్లి పందిళ్లలో సైతము నిజాముగారి ముచ్చటయే. తాతగారి పిసినారితనము నొకరు వర్ణించిరి. మనుమని దుబారా నింకొకరు. ఆస్ట్రేలియాలో ఆయన కొన్న సుమారు ఐదులక్షల ఎకరముల గొఱ్ఱెల బీడు, పెండ్లిండ్లు, విడాకులు, వారసుల వ్యాజ్యములు, ఇవన్నియు దొర్లినవి. వినుటకు మాకును వేడుకగనే యుండినదని ఒప్పుకొనవలెను. కాని ఆ ముచ్చటలలో మన జిల్లా ఎచ్చటను లేదు. ఎలగందుల కోట నీడలో పంట పండించి ఆ దివాణమును పోషించినవారి పేరు ఒక్కరి నోటను రాలేదు.

రాజులను గూర్చి ప్రజలు చాటున చెప్పుకొనుట క్రొత్త యాచారము కాదు. చాకలివాని మాటకు సీతమ్మ అడవుల పాలైన కథ వినని తెలుగువాడుండడు. నోరు మూయబడిన దేశమున పుకారే ప్రజల పత్రిక. నిజాము రాష్ట్రమున సభ జరుపుకొనవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలసి యుండెడిది. 1926లో వెలసిన గోలకొండ పత్రిక ఒక్కొక్క వాక్యమును తూచి వ్రాయవలసి వచ్చెడిది. 1935లో ఆంధ్రమహాసభ మన సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగినప్పుడు సభ్యులు మాటాడిన రీతియు అట్టిదే; వినయముతో విన్నపము చేసికొనవలసినదే గాని నిలదీయుటకు వీలులేదు. 1948 ఆగస్టులో ఇమ్రోజు పత్రికాసంపాదకుడు షోయబుల్లాఖానును నడివీధిలో హతమార్చిరి. వ్రాసిన చేయి తెగిపడు కాలమున, ప్రభువు టోపీని గూర్చి నవ్వుకొనుటయే ప్రజలకు మిగిలిన స్వాతంత్ర్యము. ముప్పదియైదేండ్లు ఒకటే తుర్కీటోపీయట! అతిథులు పారవేసిన సిగరెట్టు తుంటలను తానే కాల్చునట! నజరుగా తెచ్చిన నాణెము జారి దొర్లిపోయిన, సింహాసనము దిగి వెదకునట! ఈ ‘అట’లలో నిజమెంతయో నిర్ణయింప మాకు శక్యము కాదు. కాని ఆ నవ్వులో ఒక కసి యుండినది. దానిని మేము తప్పుపట్టజాలము.

ఐతే ఆ నవ్వు రైతు గుడిసెలోనే పుట్టి అక్కడనే యుండలేదు. గడీలలోనికి పోయి సుఖముగ కూర్చున్నది. పొద్దున వెట్టివారిచే నీళ్లు మోయించుకొన్న దొరయే సాయంకాలము అరుగుపై పడకకుర్చీ వేయించుకొని నవాబుగారి లోభమును గూర్చి పకపక నవ్వెడివాడు. ప్రభువు పిసినారియని లోకమంతయు నవ్వుచుండగా, పటేలు పట్వారీల లెక్కలెవరు చూతురు? మా పాఠకులలో అట్టి గడీల వంశీయులు కొందరు కలరు. ఈ మాటకు వారు నొచ్చుకొనినను మేము వెనుకకు తీసికొనము.

లోకమునకు సైతము ఈ టోపీయే కనబడినది. 1937 ఫిబ్రవరి 22వ తేది నాటి అమెరికా ‘టైము’ పత్రిక ముఖపత్రముపై ఉస్మానలీఖాను చిత్రమును వేసి, ప్రపంచమున కెల్ల ధనవంతుడని కీర్తించి, ఆయన చిరుగుదుస్తులను గూర్చి వింతగా ముచ్చటించినది. అంతకు రెండు నెలల ముందే ఆంగ్లప్రభువైన ఎనిమిదవ ఎడ్వర్డు తాను వలచిన స్త్రీకొఱకు సింహాసనమును విడిచెను. ఆ ప్రణయగాథను అమెరికా పత్రికలు నెలల తరబడి ప్రకటించుచుండగా లండను పత్రికలు కడపటి వారమువరకు పెదవి విప్పలేదు. ఆ విధముగా రాజగృహముల గుట్టు అమ్ముడుపోవు సరకైనది. మరి టైము పత్రిక వచ్చిన మూడేండ్లకు, 1940లో, ఆదిలాబాదు అడవులలోని జోడెఘాట్‌లో కొమరం భీము పోలీసు తుపాకులకు బలియైనప్పుడు ఏ ముఖపత్రముపైనను ఆయన చిత్రము రాలేదు. గోండులు అడిగినది తాము కొట్టుకొన్న పోడు, తమ పశువులకు మేత, తమ ఊళ్లపై తమ మాట. ఆ ధనవంతుని రాజ్యమున ఇది ఇవ్వరాని ధనమైనది.

1947 నవంబరు 20వ తేదిని లండనులో ఎలిజబెత్తు రాకుమారి వివాహము జరిగినది. నిజాముగారు కార్టియేర్ అను నగల వర్తకులకు కబురుపంపి, వధువు తనకు నచ్చిన ఆభరణములను తానే ఏరుకొనవలెనని చెప్పిరి. ఆమె వజ్రపు హారము నొకదానిని, కిరీటభూషణము నొకదానిని ఏరుకొనెను. తొమ్మిది దినములకు, నవంబరు 29న, నిజాము భారతప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక చేసికొనెను. పిదప నాలుగు నెలలైనను గడువకముందే, 1948 మార్చిలో, నాడు మన జిల్లాలో నుండిన హుస్నాబాదు చెంత మహమ్మదాపురము గుట్టలలో అనభేరి ప్రభాకరరావు సహచరులతో కూడ నేలకొరగెను. ఆ హారమును 2014లో ఎలిజబెత్తు రాణి మనుమని భార్య కేథరిను లండనులోని యొక విందునకు ధరించినప్పుడు దేశదేశముల పత్రికలు దాని వజ్రములను, ఆమె గౌనును కొలిచి కొలిచి వ్రాసినవి. పిసినారి యొక్క ఔదార్యమునకు ఆశ్చర్యపడినవి. ఆ ధనమెచ్చటి దనెడి ప్రశ్న మాత్రము కొలతలకు అందలేదు.

పుకారునకు పగయు లేదు, స్నేహమును లేదు. నిన్న తిట్టిననోటనే నేడు పొగడగలదు. 1965లో చీనా భయమును, పాకిస్తాను యుద్ధమును కలిపి చెప్పుచు నిజాముగారు దేశరక్షణనిధికి ఐదు టన్నుల బంగారము దానమిచ్చిరనియు, ఇచ్చి ‘ఇనుపపెట్టెలు మాత్రము తిరిగి పంపుడు’ అనిరనియు ఒక కథ మన ప్రాంతమంతట చెలామణి యగుచున్నది. చదువుకొన్నవారును చెప్పుదురు. సమాచారహక్కు చట్టముక్రింద అడిగినప్పుడు ప్రధానమంత్రి కార్యాలయము అట్టి దాన మేదియు తమకు తెలియదని చెప్పినది. వాస్తవముగ ఆయన 1965 అక్టోబరులో వెలువడిన రక్షణ బంగారు బాండ్లలో 425 కిలోల బంగారమును నూటికి ఆరున్నర వడ్డీకి పెట్టిరి. అదియు దేశమునకు పనికివచ్చినదే. అందులో తప్పేమియు లేదు. కాని దానము వేరు, వడ్డీ వేరు. ఈ భేదము మన భూస్వాములకు ఇంకొకరు నేర్పవలసిన పని లేదు.

పుకారుతో వదలక లెక్క అడిగినచోట లెక్క తేలినది. తండ్రిగారి చెప్పులో దొరికినదని, బల్లపై కాగితములకు బరువుగా పెట్టెడివారని చెప్పుకొనెడు జేకబు వజ్రముతో కూడ 173 నగలను భారతప్రభుత్వము 1995లో 218 కోట్ల రూపాయలకు కొనినది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు ఖజానానుండి లండనులోని పాకిస్తాను రాయబారి పేరిటికి పోయిన 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు బ్యాంకులో పెరిగి పెరిగి సుమారు 3.5 కోట్ల పౌండ్లైనవి. అది పాకిస్తానుది కాదని, భారతప్రభుత్వమునకును నిజాము మనుమలకును చెందునని 2019 అక్టోబరు 2వ తేదిని లండను న్యాయస్థానము తీర్పు చెప్పినది. డెబ్బదియొక్క సంవత్సరములు పట్టినది. ఆ తీర్పును ఆసాంతము చదివిన కరీంనగరపు వకీలును మేమింకను కలిసికొనలేదు; టోపీకథ తెలియని వకీలునును కలిసికొనలేదు.

1971లో రాజ్యాంగమునకు జరిగిన ఇరువదియాఱవ సవరణతో రాజభరణములును బిరుదములును పోయినవి. నాటినుండి ఆ వంశీయులు మనవంటి పౌరులే. వారి ట్రస్టులను, భూములను, కోర్టు వ్యవహారములను ప్రశ్నించు హక్కు ప్రజలకు కలదు. వారి పడకటింటి తలుపుకడ చెవియొగ్గు హక్కు లేదు. 1997 ఆగస్టు 31న పారిసు సొరంగములో డయానా రాకుమారి మరణించినప్పుడు ఆమె బండిని వెంటాడిన ఛాయాచిత్రగ్రాహకులను లోకమంతయు నిందించినది. ఆ చిత్రములకు గిరాకీ యెవరు తెచ్చిరో చెప్పుట కెవరును ఇష్టపడలేదు.

చాకలివాని మాటకు అడవికేగినది రాముడు కాదని మరువరాదు. మన దివాణములోను అంతియే. 1931 నవంబరులో ఫ్రాంసులోని నీసు పట్టణమున నిజాముగారి ఇరువురు కుమారులకు తుర్కీ ఉస్మానీవంశపు కన్యలతో పెండ్లిండ్లైనవి. పెద్దకోడలు దుర్రుషెహ్వారు కడపటి ఖలీఫా కూతురు. చిన్నకోడలు నీలోఫరు. ఆమె చక్కదనమును, ఆమె చీరలను పత్రికలు ఎంత పొగడినవో, ఆమెకు బిడ్డలు లేకపోవుటను నగరపు నోళ్లు అంత నమలినవి. ఏ వైద్యుని చూచినదో, ఏ దేశమునకు పోయినదో, లోపమెవరిదో జనానాలలోను ఇరానీ హోటళ్లలోను సమానముగా చర్చించిరి. భర్త మఱియొక పెండ్లి చేసికొనెను. 1952లో విడాకులైనవి. ఆమె పారిసులో జీవించి, 1989లో అక్కడనే మరణించెను.

1949లో ఆమె పరిచారిక యొకతె ప్రసవమున మరణించెననియు, ఆ దుఃఖమే స్త్రీలకు శిశువులకు ఒక ఆసుపత్రి కావలెనని ఆమెను ప్రేరేపించెననియు చెప్పుదురు. ఆమె పేరిట ఎఱ్ఱకొండల కడ 1953లో ఆసుపత్రి తెరువబడినది. బిడ్డలు లేరని లోకము ఎవరిని ఎత్తిపొడిచినదో ఆమె పేరు చెప్పుకొనియే నేడు జగిత్యాలనుండి, మంచిర్యాలనుండి, ఆసిఫాబాదునుండి తల్లులు జ్వరపు బిడ్డలను కొంగున చుట్టుకొని రాత్రి బస్సులెక్కుచున్నారు. మొన్న కరీంనగరము బస్సుస్టాండులో అట్టి తల్లి నొకతెను మేము అడిగితిమి, నీలోఫరు అనగా ఎవరో ఎరుగుదువా అని.

“ఎవరో ఏంది సారూ, పిల్లల దవాఖాన గదా,” అని చెప్పి, బిడ్డ మొగము కప్పుకొని, ఆమె బస్సెక్కినది.