పారిపోతూ గెలిచేవాళ్ళు!

"మగాడివైతే నిలబడి కొట్టరా!" అని అరిచాడు మా బావ.

నిలబడి కొట్టడం నా వల్ల కాదు. ఎందుకంటే నా దగ్గర ఉన్నవాళ్ళంతా గుర్రం మీద విలుకాళ్ళు. వాళ్ళు నిలబడితే చస్తారు, పరుగెడితేనే బతుకుతారు. కానీ ఆ సంగతి ఆ రోజు నాకే సరిగ్గా తెలియదు. తెలియని ఆటలోకి దిగి, భోగి నాటి రాత్రి పన్నెండు కాకముందే నా సైన్యం మొత్తాన్నీ మట్టి కరిపించుకున్నాను.

ఇదంతా కంప్యూటర్లో ఆడే యుద్ధం ముచ్చట లెండి. పేరు 'రోమ్: టోటల్ వార్'. ఇంగ్లండులోని క్రియేటివ్ అసెంబ్లీ వాళ్ళు 2004లో విడుదల చేశారు. ఇప్పుడంటే సెల్‌ఫోన్లో కూడా వచ్చేసింది గానీ, మేం ఇంటర్ చదివే రోజుల్లో ఈ ఆట ఎవరింట్లో ఉంటే వాడే మాకు హీరో. పండక్కి అక్కావాళ్ళు వచ్చినప్పుడు బావ తన పాత ల్యాప్‌టాప్, నేను నా ముసలి ల్యాప్‌టాప్ ముందేసుకుని, రెంటికీ మధ్య ఒక తీగ తగిలించి ఆడతాం. బావ ఎప్పుడూ రోమన్లే. నేను ఎప్పుడూ వాళ్ళ చేతిలో తన్నులు తినేవాళ్ళే!

ఈసారి పందెం కూడా ఉంది. బావది నెల తిరిగేసరికి జీతం పడే ఉద్యోగం. నాది పత్రిక పత్రికకూ తిరిగి రాసుకునే బతుకు. "ఒకచోట కుదురుగా నిలబడవేరా?" అన్నది మా ఇంట్లో నా గురించి నిత్యం జరిగే పారాయణం. బావ తనకు తెలిసిన చోట నాకో ఇంటర్వ్యూ కుదిర్చి, ఆ కాగితం జేబులో పెట్టుకుని మరీ వచ్చాడు. మూడు ఆటలు... రెండు గెలిచినవాడి మాట చెల్లాలి. నేను ఓడితే నోరు మూసుకుని ఇంటర్వ్యూకి వెళ్ళాలి. గెలిస్తే ఏడాది పాటు ఆ ఊసెత్తకూడదు.

మొదటి ఆట పోయింది. ఎలా పోయిందో చెబితే గానీ ఈ గుర్రపు విలుకాళ్ళ కథ మీకు అర్థం కాదు.

కాలాళ్ళు లేని రాజ్యం

ఆటలో అసలు కథ క్రీ.పూ. 270లో మొదలై క్రీ.శ. 14 దాకా నడుస్తుంది. ఏడాదికి రెండు ఎత్తులు - ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి. జూలీ, బ్రూటీ, స్కిపీ అని రోమన్ కుటుంబాలు మూడు. ఈజిప్టు, గ్రీకులు, కార్తేజి, గాల్ జాతులు... వీళ్ళందరికీ తూర్పున, ఇరాన్ వైపు, పటం చివర పడేసినట్టుగా ఉంటుంది పార్థియా. ముఖ్యపట్టణం అర్సాకియా. ఊళ్ళ మధ్య దూరాలు ఎక్కువ, ఖజానాలో డబ్బు తక్కువ. రాజధానికి దూరంగా ఉన్న ఊళ్ళో జనం ఊరికే గొణుగుతుంటారు. అన్నిటికన్నా పెద్ద లోటు, చెప్పుకోదగ్గ కాలిబంట్లు లేరు. ఈస్టర్న్ ఇన్‌ఫాంట్రీ అని కొందరుంటారు. చేతిలో ఈటె ఉంటుంది, మనసు మాత్రం ఇంటి దగ్గర ఉంటుంది. శత్రువు గట్టిగా దగ్గితే పరుగు!

మరి పార్థియాకి ఉన్నదేమిటి? గుర్రాలు. విల్లు పట్టిన తేలికపాటి రౌతులు ఒక రకం. గుర్రానికీ మనిషికీ కలిపి నిలువెల్లా కవచం తొడిగిన కాటాఫ్రాక్టులు ఇంకో రకం. ఒకరు కుట్టి కుట్టి చంపే కందిరీగలైతే, ఇంకొకరు కొండ మీంచి దొర్లే బండరాళ్ళు. ఈ రెండింటినీ కలిపి వాడగలిగితే పార్థియా. విడివిడిగా వాడితే నేను భోగి నాడు చేసిన పని.

ఏం చేశానంటే, మన సినిమా హీరోలా ముందు కాటాఫ్రాక్టులను రోమన్ల ఛాతీ మీదికే తోలాను. అవతల బావ దింపింది లీజియనరీ దళాలు. గుర్రాలు మొదటి వరసను గుద్దాయి, రెండో వరసలో ఇరుక్కున్నాయి. కదలిక పోయిన గుర్రం నడివీధిలో ఆగిన లారీతో సమానం. ఇక విలుకాళ్ళను 'స్కర్మిష్' మీటకు వదిలేసి ఊరుకున్నాను. ఆ మీట నొక్కితే శత్రువు దగ్గరికి రాగానే వాళ్ళంతట వాళ్ళే వెనక్కి తగ్గుతారు. మంచిదే! కానీ యుద్ధభూమికి ఒక అంచు ఉంటుంది కదా! తగ్గి తగ్గి ఆ మూలకి పోయి ఇరుక్కున్నారు. ఇంకా తగ్గడానికి చోటు లేదు. బావ రౌతులు తాపీగా వచ్చి కోసుకుపోయారు.

"నీ బతుకు లాగే ఉందిరా నీ యుద్ధం!" అన్నాడు బావ. అక్క నవ్వింది. అమ్మ నవ్వలేదు. అదే నాకు గుచ్చుకుంది.

తెర మీద చూసిన క్రాసస్, తెర మీదికి రాని చావు

ఆ రాత్రి నిద్ర పట్టక నేను తలుచుకున్నది ఒక అసలు యుద్ధాన్ని. సినిమా పిచ్చి ఉన్న పాఠకులకు 1960లో స్టాన్లీ కూబ్రిక్ తీసిన 'స్పార్టకస్' గుర్తుండే ఉంటుంది. కిర్క్ డగ్లస్ బానిసల నాయకుడు. లారెన్స్ ఆలివియర్ వేసినది క్రాసస్ అనే రోమన్ ధనవంతుడి వేషం. బానిసల తిరుగుబాటును అణచి గర్వంగా నిలబడ్డంతోనే ఆ సినిమాలో అతని కథ ఆగిపోతుంది. అసలు కథ అక్కడ ఆగలేదు! పద్దెనిమిదేళ్ళ తర్వాత, క్రీ.పూ. 53లో, ఆ క్రాసస్సే పార్థియా మీద దండెత్తాడు. నలభై వేలకు అటూ ఇటూగా సైన్యం. ఎదురుగా వచ్చిన పార్థియన్ సేనాని సురేనాకి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. అతని దగ్గరున్నవి పదివేల గుర్రాలు మాత్రమే. అందులో కవచాల రౌతులు వెయ్యిమందే.

సురేనా నాటకం తెలిసినవాడు. కవచాలు తళతళలాడకుండా పైన తోళ్ళూ గుడ్డలూ కప్పించి నడిపించాడు. దగ్గరికి రాగానే నగారాలు మోగాయి, కప్పులు జారాయి, ఇనుప గుర్రాలు బయటపడ్డాయి. ఏ దర్శకుడు తీసినా ఇంటర్వెల్ పడే చోటు అది! ఆ తర్వాత మొదలైంది బాణాల వాన. రోమన్లు డాళ్ళు కలిపి దగ్గరగా నిలబడితే కవచాల రౌతులు వచ్చి గుద్దుతారు. ఆ గుద్దుకు విడిపోతే మళ్ళీ బాణాలు. తరుముదామంటే పారిపోతారు, పారిపోతూనే వెనక్కి తిరిగి కొడతారు. అప్పటికి రికాబులు లేవండోయ్! దౌడు తీసే గుర్రాన్ని తొడలతో బిగించి, నడుము తిప్పి, వెనకవాడి గుండెకు గురి చూడాలి. కొమ్ము, చెక్క, నరం అతికించి చేసిన పొట్టి విల్లు గనక అటూ ఇటూ తిప్పడం వాళ్ళకు వీలైంది.

బాణాలు అయిపోతాయిలే అని క్రాసస్ ఓపిక పట్టాడు. అయిపోలేదు. వెనకాల ఒంటెల మీద బాణాల మోపులు వస్తూనే ఉన్నాయి. క్రాసస్ కొడుకు పబ్లియస్ తరుముతూ దూరం వెళ్ళి చుట్టుముట్టబడి చనిపోయాడు. ఇరవైవేల మంది రోమన్లు హతులు, పదివేల మంది బందీలు అని ప్లూటార్క్ రాశాడు. క్రాసస్ తల పార్థియా రాజు ఓరోడీస్ కొలువుకు చేరేసరికి అక్కడ గ్రీకు నాటకం 'బాకే' ఆడుతున్నారట. జేసన్ అనే నటుడు ఆ తలనే చేత పట్టుకుని అందులో తల్లి పాత్ర పాట అందుకున్నాడనీ, రాజు మెచ్చి అతనికి ఒక టాలెంటు వెండి ఇప్పించాడనీ ప్లూటార్కే చెబుతాడు. పారితోషికాల చరిత్ర రాసేవాళ్ళెవరైనా ఉంటే రాసుకోవాల్సిన సంగతి! సురేనాకి దక్కిన పారితోషికం మాత్రం మరణం. అంత పేరు వచ్చినవాణ్ణి చూసి ఓర్వలేక ఓరోడీసే చంపించాడు.

ఇంకో ముచ్చట. మన శాతవాహనుల గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించినవారిలో శకులు, యవనులతో పాటు పహ్లవులు కూడా ఉన్నారని అతని తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన నాసిక్ శాసనం చెబుతుంది. ఆ పహ్లవులు ఈ పార్థియన్ల శాఖవారే. 2017 సంక్రాంతికి బాలకృష్ణ నూరో చిత్రంగా 'గౌతమిపుత్ర శాతకర్ణి' వచ్చినప్పుడు హాల్లో ఈలలు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంటికొచ్చి పార్థియా తరఫున ఆడుకున్నానంటే బావ ఇప్పటికీ ద్రోహి అంటాడు.

కాగితం వెనక వేసిన పటం

తెల్లవారి పెద్ద పండుగ. గారెలు తిని రెండో ఆటకి కూర్చున్నాం. ఇరవై దళాలకు మించి దింపే వీల్లేదు. ఈసారి ఏవి ఎన్నో ముందే కాగితం మీద రాసుకున్నాను. చేతికి దొరికిన కాగితం ఇంటర్వ్యూదే. దాని వెనకే వేశాను పటం. విలుకాళ్ళు పద్నాలుగు దళాలు, కాటాఫ్రాక్టులు అయిదు, సేనాని ఒకడు. కాలిబంట్లు సున్నా.

మొదట నేర్చుకున్న పాఠం - గుర్రం మీద విలుకాడు నేల మీద విలుకాడితో బాణాల పోటీ పెట్టుకోకూడదు. గుర్రం పెద్ద గురి, నేల మీదివాళ్ళు దట్టంగా నిలబడతారు, వాళ్ళదే పైచేయి. అందుకని బావ విలుకాళ్ళ మీదికి కాటాఫ్రాక్టులను పక్కనుంచి చుట్టు తిప్పి పంపాను. కొట్టగానే వెనక్కి పిలిచేశాను. ఆగితే లారీ కథే మళ్ళీ! రెండోది - డాలు ఎడమ చేతిలో ఉంటుంది. కుడి పక్కనుంచీ, వెనకనుంచీ వేసిన బాణానికి అడ్డు లేదు. కాబట్టి విలుకాళ్ళను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను ముందు తిప్పుతూ, రెండోదాన్ని కుడి వెనక్కి తోలాను. ముందువాళ్ళను చూసి రోమన్లు తరుముతారు, వెనకవాళ్ళు వీపులో వేస్తారు. మూడోది - స్కర్మిష్ మీటను నమ్మకూడదు. ఎప్పుడు పరుగెత్తాలో, ఎటు పరుగెత్తాలో మనమే చెప్పాలి. అంచు వైపు కాదు, ఎప్పుడూ మధ్య మైదానం వైపే.

కాంటాబ్రియన్ వలయం అని ఒక విద్య కూడా ఉంది. స్పెయిన్ ఉత్తరాన ఉండే ఒక జాతి పేరు మీద వచ్చింది. దళం గుండ్రంగా గిర్రున తిరుగుతూ ఒక్కొక్కరే బాణం వదులుతారు. చూడ్డానికి కోలాటంలా ఉంటుంది, ఎదుటివాడి బాణం తగలడం కష్టం. అయితే అలా తిరిగేవాళ్ళ మీదికి శత్రు రౌతులు దూసుకొస్తే తప్పుకునేలోపే పట్టేస్తారు. ఒక దళం అలాగే పోయింది నాకు.

బావ తెలివైనవాడే. లీజియన్లను తాబేలు వ్యూహంలోకి ముడిచాడు. నాలుగు వైపులా డాళ్ళు, నెత్తిన డాళ్ళు. నా బాణాలు టకటకమని తగిలి రాలిపోతున్నాయి. "ఇప్పుడేం చేస్తావురా?" అన్నాడు. సరిగ్గా సురేనా చేసిందే! తాబేలు బాణానికి గట్టిది, గుద్దుకు మెత్తది. వెనకనుంచి కాటాఫ్రాక్టులు వచ్చి తగిలేసరికి ఒక తాబేలు పగిలింది. తక్కినవి భయపడి విడిపోయాయి, మళ్ళీ బాణాలు. ఆ ఆట నాది.

మూడోది సాయంత్రం. బావ ఈసారి తాబేలు జోలికి పోలేదు. కొండ మిట్ట మీదికెక్కి కదలకుండా కూర్చున్నాడు. నా బాణాలు తగ్గిపోతున్నాయి. ఈ ఆటలో సురేనా ఒంటెలు లేవు కదా... పొదిలో ఉన్నవి అయిపోతే అంతే సంగతులు. ఒక్కొక్క దళమూ ఖాళీ అవుతోంది. అక్క వచ్చి మంచం అంచున కూర్చుంది. అమ్మ గుమ్మంలో నిలబడింది. పొది ఖాళీ అయిన దళాలను నిలబెట్టలేదు నేను. బావ ముక్కు ముందునుంచే అటూ ఇటూ తిప్పాను. వాటికి బాణాలు లేవని అతనికేం తెలుసు! ఓపిక నశించి తరమమన్నాడు. రోమన్లు కవచాలు మోస్తూ ఆ మైదానంలో నాలుగు చుట్లు పరుగెత్తారు. వాళ్ళు అలిసిపోయారని తెర మీద చూపించేదాకా ఆగాను. అప్పుడు మిగిలిన మూడు కాటాఫ్రాక్టు దళాలనూ సేనానితో సహా వెనకనుంచి ఒకేసారి వదిలాను. ఒక దళం బెదిరి పరుగందుకుంది. దాన్ని చూసి పక్కది, దాన్ని చూసి ఇంకోటి. పారిపోయేవాళ్ళను పట్టుకోవడానికి మాత్రం ఖాళీ పొది ఉన్న గుర్రాలే చాలు!

బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తీగ పీకి చుట్టుకుంటూ, "ఇది యుద్ధం కాదురా, వేధింపు" అన్నాడు. రెండువేల ఏళ్ళ కిందట రోమన్లు కూడా ఇలాగే అనుకుని ఉంటారు.

పూర్తి దండయాత్ర ఆడేవాళ్ళకు ఒక మాట. పార్థియాతో మైదానాలు గెలవడం సులువు, ఊళ్ళు గెలవడమే కష్టం. గుర్రం గోడ ఎక్కదు, ద్వారం గుద్దే దూలాన్ని తొయ్యదు. కాబట్టి ఆ పిరికి ఈటెవాళ్ళను రెండు మూడు దళాలైనా వెంట ఉంచుకోక తప్పదు. లేదా ఊరిని ముట్టడించి, లోపల తిండి అయిపోయి వాళ్ళే బయటికొచ్చేదాకా కూర్చోవాలి. ఆటలో స్కిథియా అని ఇంకో గుర్రపు జాతి ఉంది. వాళ్ళ సైన్యంలో విల్లు పట్టి గుర్రమెక్కే ఆడవాళ్ళున్నారు, గొడ్డళ్ళతో దిగేవాళ్ళూ ఉన్నారు. 2004 నాటి ఆటలో వాళ్ళతో దండయాత్ర ఆడనిచ్చేవారు కాదు. 2021లో వచ్చిన కొత్త ముద్రణలో ఆ ముచ్చటా తీరింది.

వెళ్ళేముందు బావ బూట్లు తొడుక్కుంటూ అడిగాడు. "దసరాకి మళ్ళీ ఆడదాం. చోటు మాత్రం నేనే ఎంచుకుంటా."

"ఎక్కడ?"

"వంతెన మీద."

వంతెన అంటే సన్నటి దారి. చుట్టు తిరగడానికి చోటుండదు, వెనక్కి పోయే వీలుండదు, ఎదుట రోమన్ డాళ్ళ గోడ. గుర్రపు విలుకాళ్ళకు అంతకన్నా పాడు చోటు ఇంకోటి లేదు. సరేనన్నాను. అమ్మ ఇల్లు సర్దుతూ మంచం మీది ఇంటర్వ్యూ కాగితం తీసి, వెనక్కి తిప్పి, నా గీతలు చూసి, మడిచి బీరువాలో పెట్టింది.