రెసిస్టరు వెనక గోడ

వీడియోలో మనం చూపించదలచుకున్నది బియ్యపుగింజంత రెసిస్టరు కావచ్చు. కెమెరా మాత్రం దాన్నొక్కదాన్నే చూడదు. దాని కిందున్న బల్ల, బల్ల వెనకున్న గోడ, గోడకు వేలాడే స్క్రూడ్రైవర్లు, మూలన మెరిసే రంగుల లైట్లు అన్నిటినీ ఒకే శ్రద్ధతో నమోదు చేస్తుంది. మన కన్నయితే అక్కర్లేనిదాన్ని పక్కకు నెట్టేస్తుంది. లెన్సుకు ఆ విచక్షణ లేదు. అందుకే ఎలక్ట్రానిక్స్ నేర్పే వీడియోలో వెనక గోడను నేను అలంకారంగా చూడను. అది కెమెరాలో ఒక భాగం. వెలుతురు, రంగు, బొమ్మ స్పష్టత, చివరికి చెప్పేవారి గొంతు కూడా దాని అదుపులోనే ఉంటాయి.

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొనుక్కుని, హాస్టల్ గదిలో ఫోన్ చూస్తూ సర్క్యూట్ కట్టుకునే డిప్లొమా విద్యార్థికి ఆ అరచేతి తెరే ప్రయోగశాల. అక్కడ ఒక చార రంగు తప్పుగా కనిపిస్తే అతని బోర్డు పనిచేయదు. ఎందుకు పనిచేయలేదో అతనికి తెలియదు కూడా.

1 కిలో ఓమ్ రెసిస్టరు మీద చారలు గోధుమ, నలుపు, ఎరుపు. 10 కిలో ఓమ్‌లదైతే గోధుమ, నలుపు, నారింజ. విలువలో పది రెట్ల తేడా ఉన్నా, కంటికి కనిపించే తేడా ఎరుపుకీ నారింజకీ మధ్య ఉన్నంతే. ఫోన్ కెమెరా ఆటోమేటిక్ వైట్ బ్యాలెన్స్‌లో ఉన్నప్పుడు ఫ్రేము మొత్తాన్ని చూసి, గదిలో వెలుతురు ఏ రంగుదో అంచనా కడుతుంది. ఫ్రేములో సగం పసుపు గోడే ఉంటే, వెలుతురే పసుపుగా ఉందని పొరబడి, సరిదిద్దబోయి బొమ్మ మొత్తాన్నీ నీలం వైపు లాగుతుంది. గోడ తెల్లబడుతుంది, రెసిస్టరు చార రంగు మారుతుంది.

ఎక్స్‌పోజర్ సంగతీ ఇంతే. దృశ్యం సగటున మధ్యస్థ బూడిద రంగులో, అంటే పడిన వెలుతురులో దాదాపు 18 శాతం తిప్పికొట్టేదిగా ఉంటుందన్నది కెమెరా లైట్ మీటర్లు ఎన్నాళ్లుగానో నమ్ముకున్న లెక్క. తెల్లగోడ ఫ్రేమునిండా ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని అంతా తగ్గిస్తుంది, నల్లటి ఐసీ మీద అక్షరాలు కనబడకుండా పోతాయి. నల్లతెర వేస్తే వెలుతురు చాలలేదనుకుని పెంచుతుంది, సోల్డర్ చుక్కలు వెలుగు ముద్దలైపోతాయి.

కెమెరాను సరిచేసినా చూసేవారి కన్ను మిగిలే ఉంది. పారిస్‌లోని గోబెలాన్ నేతశాలలో అద్దకాల విభాగాన్ని నడిపిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రల్‌కు, నల్లదారం సరిగ్గా నల్లగా ఉండడం లేదని ఫిర్యాదు వచ్చింది. ఆయన వెతికి చూస్తే తప్పు అద్దకంలో లేదు. ఆ దారం పక్కన నేసిన రంగులు దాన్ని వెలిసినట్టు కనిపించేలా చేస్తున్నాయి. 1839లో ఆయన అచ్చువేయించిన గ్రంథానికి ఆ పరిశీలనే మూలం. ఒక రంగు ఎలా కనిపిస్తుందో దాని పక్క రంగు కూడా నిర్ణయిస్తుంది. ముదురు ఎరుపు గోడ ముందు పట్టుకున్న రెసిస్టరు మీది ఎరుపు చార అందుకే చప్పబడుతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే గోడకు నేను మధ్యస్థ బూడిద రంగునే ఎంచుకుంటాను. మ్యాట్ ఎమల్షన్ అయితే మంచిది. ఎనామెల్ పూత నిగనిగలాడి దీపం ప్రతిబింబాన్ని ఫ్రేములోకి తెస్తుంది. లప్పం పెట్టి గోడను అద్దంలా నున్నగా చేయించనక్కర్లేదు, కొద్దిపాటి గరుకుదనం మేలు చేస్తుంది. సాధారణ 8 బిట్ల వీడియోలో నలుపు నుంచి తెలుపు దాకా ఉండే మెట్లు దాదాపు 220 మాత్రమే. నున్నటి గోడమీద వెలుతురు నెమ్మదిగా తగ్గుతూ పోయేచోట ఆ మెట్లు పట్టీపట్టీలుగా బయటపడతాయి. గరుకు గోడైతే వాటిని దాచేస్తుంది.

సినిమావాళ్లలా గ్రీన్ మ్యాట్ కట్టి, వెనక కావలసిన బొమ్మ పెట్టుకుందామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. సినిమాల్లో ఆకుపచ్చ వాడడానికి ఒక కారణం కెమెరా సెన్సర్ నిర్మాణంలోనే ఉంది. కొడాక్ సంస్థలో బ్రైస్ బేయర్ రూపొందించి 1976లో పేటెంట్ పొందిన రంగు వడపోత అమరికలో సగం గడులు ఆకుపచ్చవి, ఎరుపు, నీలం తలా పావు వంతు. అంటే ఆకుపచ్చ విషయంలోనే సెన్సర్ చూపు అన్నిటికన్నా పదును. కానీ మన చేతిలో ఉన్న పీసీబీ కూడా ఎక్కువసార్లు ఆకుపచ్చే! గోడను తీసేయమంటే సాఫ్ట్‌వేర్ బోర్డును కూడా తీసేస్తుంది. మ్యాట్ నుంచి తుళ్లిన పచ్చని వెలుతురు మెరిసే టంకం చుక్కల మీద అంటుకుంటుంది. ఈ పనికి గ్రీన్ మ్యాట్ పనికిరాదనే నా గట్టి అభిప్రాయం.

దీపాల విషయం ఒక్క మాటలో: డబ్బా మీద సీఆర్ఐ అంకె, అంటే ఆ దీపం కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, చూసి కొనండి, 95 ఉంటే నిశ్చింత. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. గాఢమైన ఎరుపును విడిగా కొలుస్తారు, సగటులో కలపరు. అందుకే 80 అని రాసున్న చవక ఎల్ఈడీ కింద ఎరుపు చార గోధుమరంగులా కనిపించవచ్చు.

గోడను ఎంత దూరంలో ఉంచాలన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. గోడ మసకబారాలంటే దూరం పెంచాలని అందరూ చెబుతారు. పెద్ద కెమెరాకు అది నిజం. 50 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్/2.8 ఎపర్చర్, బోర్డు 1 మీటరు దూరంలో, గోడ రెండున్నర మీటర్ల దూరంలో అనుకుందాం. ఏపీఎస్-సీ సెన్సర్ మీద గోడమీది ఒక చుక్క ఫ్రేము వెడల్పులో దాదాపు 2.4 శాతం మేర చెదిరిపోతుంది. 1920 పిక్సెళ్ల వీడియోలో అది 45 పిక్సెళ్ల పైమాటే. గోడమీది చిందరవందరంతా కరిగిపోతుంది. ఫోన్‌లో అసలు ఫోకల్ దూరం 6 మిల్లీమీటర్ల దాపుల్లో ఉంటుంది. బోర్డు అర మీటరు దూరంలో, గోడ 2 మీటర్ల దూరంలో ఉంటే ఆ చుక్క ఆరు పిక్సెళ్లే చెదురుతుంది. గోడను మైదానం అవతలికి తీసుకెళ్లినా ఎనిమిది దాటదు. కాబట్టి ఫోన్‌తో తీసేవాళ్లు ఫోకస్‌ను నమ్ముకుని లాభం లేదు. వాళ్లు నమ్ముకోవలసింది వెలుతురును.

చిన్న దీపం వెలుతురు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని పదో తరగతి దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బల్లమీది దీపం బోర్డుకు అర మీటరు దూరంలోనూ, గోడకు 1 మీటరు దూరంలోనూ ఉంటే, బోర్డుమీద పడే వెలుతురులో నాలుగో వంతే గోడకు చేరుతుంది. తెల్లగోడ తనమీద పడ్డదాంట్లో సుమారు 80 శాతం తిప్పికొడుతుంది. ఎనభైలో నాలుగో వంతు ఇరవై. అంటే మిగతా లైట్లు ఆర్పేస్తే, కెమెరా లెక్కలో ఆ తెల్లగోడ ఇంచుమించు 18 శాతపు బూడిద గోడైపోతుంది! అద్దె గదిలో గోడకు రంగు వేయడానికి ఇంటివాళ్లు ఒప్పుకోనివారికి ఇంతకన్నా మంచి కబురు లేదు. అదే గోడ దీపానికి 2 మీటర్ల దూరంలో ఉంటే చేరేది పదహారో వంతు. అప్పుడు మరీ చీకటైపోయి, ఆ చీకట్లో సెన్సర్ రవ్వలు రవ్వలుగా గోల చేస్తుంది. అలాంటప్పుడు గోడకు విడిగా ఒక చిన్న దీపం పెట్టాలి.

ఈ రవ్వల గోల ఎందుకు చెడ్డదో వీడియో ఫైలు తయారయ్యే తీరు చెబుతుంది. 2003లో వచ్చిన హెచ్.264 ప్రమాణం ఫ్రేమును 16కి 16 పిక్సెళ్ల చదరాలుగా కోస్తుంది. గత ఫ్రేముతో పోలిస్తే మారని చదరం గురించి ‘ఇక్కడ మార్పు లేదు’ అని సంకేతం రాసి ఊరుకుంటుంది. కదలని గోడ ఎంత గరుకుగా ఉన్నా దాదాపు ఖర్చులేకుండా పోతుంది. ఆ మిగిలిన బిట్లన్నీ కదిలే వేళ్లకీ, కరిగే టంకానికీ దక్కుతాయి. వెనక రంగులు మార్చే ఎల్ఈడీ పట్టీ పెట్టామనుకోండి, అది వెలిగినప్పుడల్లా చుట్టూ ఉన్న గోడంతా రంగు మారుతుంది, ప్రతి చదరాన్నీ మళ్లీ రాయాలి. నెట్ బలహీనంగా ఉన్నచోట చూసే పిల్లవాడికి గోడ నాట్యమే చక్కగా అందుతుంది, టంకం చుక్క మసకబారుతుంది. ఈ లైట్ల అలవాటు ఇంతగా వ్యాపించడం నాకు బాధగానే ఉంటుంది.

పనిముట్లు తగిలించే చిల్లుల పలక విషయంలోనూ ఇలాంటి లెక్కే ఉంది. ఒక నమూనా సరిగ్గా నమోదు కావాలంటే దాని ఒక్కో ఆవర్తనానికి కనీసం రెండు పిక్సెళ్లు దొరకాలి. ఫోన్ మామూలు లెన్సుతో 2 మీటర్ల దూరంలోని గోడను తీస్తే, 1920 పిక్సెళ్ల వీడియోలో మిల్లీమీటరుకు 0.7 పిక్సెల్ వస్తుంది. 25 మిల్లీమీటర్లకో చిల్లు ఉన్న పలకకు 17 పిక్సెళ్లు, ఢోకా లేదు. 3 మిల్లీమీటర్ల జాలీకి రెండే పిక్సెళ్లు, సరిగ్గా గట్టు మీద. అక్కడ లేని అలలు, ఇంద్రధనుస్సు మరకలు పుట్టుకొస్తాయి. దాన్నే మొయిరే అంటారు. చూసేవాళ్లు వీడియోను 144 గీతల నాణ్యతకు దించితే చిల్లుల పలకే ఆ గట్టుకు చేరుకుంటుంది. సన్నగళ్ల చొక్కా కూడా వెనక గోడలో భాగమేనని గుర్తుపెట్టుకోవాలి.

మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. చవక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉంచితే ప్రతి ఫ్రేములోకీ పూర్తి మినుకులే చేరతాయి, గోడమీద నల్లపట్టీలు పాకవు. డాలస్‌లో కూర్చుని తీసే తెలుగువారికి అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కనుక 1/60 లేదా 1/120. సీలింగ్ ఫ్యాను మరో చిక్కు. దీపం ఫ్యాను రెక్కలకన్నా పైన ఉంటే ఏ షట్టరూ గోడమీది నీడల్ని ఆపలేదు. దీపాన్ని రెక్కల కిందికి దించాల్సిందే.

కెమెరా చూసే గోడవైపే మైకు కూడా చూస్తుంది, ఈ సంగతి తరచూ మరచిపోతాం. హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కాకుండా మోగుతుంటే, 1895లో వాలస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు పక్క నాటకశాల నుంచి కుర్చీ దిండ్లు మోయించుకొచ్చి, ఒక్కొక్కటీ పెంచుతూ మోత ఎంతసేపుంటోందో కొలిచాడు. ఆయన సూత్రం ప్రకారం 3 మీటర్ల ఘనాకారపు ఖాళీ సిమెంటు గదిలో శబ్దం పది లక్షలో వంతుకు తగ్గడానికి దాదాపు 4 సెకన్లు పడుతుంది. ఒక గోడమీద 6 చదరపు మీటర్ల మందపాటి బట్ట వేలాడదీస్తే అది 1 సెకను దాపులకు దిగుతుంది. పాత చీరలతో కుట్టిన నూలు బొంతలు దీనికి భేషుగ్గా సరిపోతాయి. పైన బూడిదరంగు గుడ్డ కప్పితే వెనక తెర కూడా సిద్ధమైనట్టే. స్పాంజి పలకలు మాత్రం వద్దు. సోల్డరింగ్ ఐరన్ మొన 350 డిగ్రీల సెల్సియస్‌లో పనిచేస్తుంది, ఆ స్పాంజి తొందరగా అంటుకుంటుంది. పాలిస్టర్ తెరలు స్థిర విద్యుత్తు పుట్టిస్తాయి కనుక అవీ బల్లకు దూరంగానే ఉండాలి. దాదాపు 3000 వోల్టుల లోపు స్థిర విద్యుత్తు మన వేలికి తెలియనే తెలియదు. కొన్ని చిప్పులు 100 వోల్టులకే చచ్చిపోతాయి.

పై నుంచి తీసే దృశ్యాల్లో బల్లే వెనక గోడ. అక్కడ స్థిర విద్యుత్తును నెమ్మదిగా భూమిలోకి దించే బూడిదరంగు రబ్బరు మ్యాట్ పరిస్తే బొమ్మకూ మంచిది, చిప్పుకూ మంచిది.

గోడకు ఏం తగిలించాలి? అనలాగ్ సర్క్యూట్ల రూపకర్త జిమ్ విలియమ్స్ 2011లో కన్నుమూశాక, ఆయన పనిబల్లను కాలిఫోర్నియా మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. తీగలు, సగం కట్టిన సర్క్యూట్లు, పరికరాలు కుప్పలుగా ఉన్న బల్ల అది. చూసినవారికి అందులో ఒక మనిషి ఆలోచించే తీరు కనిపిస్తుంది. సిడ్నీ నుంచి 2009లో ఈఈవీబ్లాగ్ మొదలుపెట్టిన డేవ్ జోన్స్ వెనక కనిపించే ఆసిల్లోస్కోపులూ ఆయన వాడుకునేవే. నిత్యం చేతికొచ్చే వస్తువు గోడమీద ఉంటే, ఏ పనికి ఏ పనిముట్టు అందుకుంటారో నేర్చుకునేవాడు గమనిస్తాడు. అలంకారానికి తెచ్చిన పాత బోర్డులు అతనికి ఏమీ నేర్పవు.

విడిభాగాల డబ్బాల మీద పేర్లు తెలుగులో రాసి పెట్టుకునేవారు అక్షరం కొలత జాగ్రత్తగా చూసుకోవాలి. 2 మీటర్ల దూరంలో 4 సెంటీమీటర్ల అక్షరం 360 గీతల వీడియోలో తొమ్మిది పిక్సెళ్ల ఎత్తే వస్తుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు అది చాలు. మనకు పైన గుడి, కింద ఒత్తు కూడా ఆ తొమ్మిదిలోనే ఇమడాలి. ‘ట్రాన్సిస్టర్లు’ అన్న ఒక్క మాటలోనే నాలుగు ఒత్తులున్నాయి. 10 సెంటీమీటర్ల అక్షరాలతో రాసి, ఒక ముక్క షూట్ చేసి, నాణ్యత తగ్గించి ఫోన్‌లో చూడండి. ఆ నాలుగూ విడివిడిగా కనిపించకపోతే అట్ట తీసేసి ఆ చోటు ఖాళీగా వదిలేయడమే మంచిది.