గిటారు పెడళ్లు: వాని వెల, వాని పని

పాల్వంచ, బూర్గంపాడు, దుమ్ముగూడెము ప్రాంతముల పల్లెలలో నేడు భజన మందిరమునకు పోయినను, క్రైస్తవ ప్రార్థనాలయమునకు పోయినను, పెండ్లి పందిరికి పోయినను, హార్మోనియము ప్రక్కన ఒక విద్యుత్ గిటారు కనబడుట అరుదు కాదు. ఆ గిటారు వాయించు చిన్నవాని పాదముల యొద్ద సగము ఇటుకంత లోహపు పెట్టె యొకటి యుండును. దానిపై త్రిప్పుటకు రెండు మూడు మరలును, కాలితో నొక్కుటకు ఒక మీటయు నుండును. దానికి పెడలు అని పేరు. మీట నొక్కగానే గిటారు నాదము మారిపోవును. మృదువుగా పలుకుచున్న తీగ గర్జించును. లేక కొండలోయలో పిలిచినట్లు మారుమ్రోగును.

ఇట్టి పెట్టె సుమారు 1,500 రూపాయలకును దొరకును. 40,000 రూపాయలకును దొరకును. చిన్నవాడు సాధారణముగా రెండవదానినే కోరును. ఆ సొమ్ము మన ప్రాంతమున ఎకరము పత్తిచేనికి పెట్టు పెట్టుబడికి దగ్గర. "పంతులుగారూ, ఈ పెట్టెకు అంత వెల యేమి? ఇయ్యవచ్చునా, ఇయ్యరాదా?" అని గృహస్థులు కొందరు నన్నడిగియున్నారు. నాకు గిటారు వాయించుట రాదు. కాని శ్రుతి యనగానేమో, నాదము ఎట్లు పుట్టునో గురుముఖమున కొంత విన్నవాడను. ఆ పరిచయముతో ఈ పెట్టె సంగతి విచారింతము.

అసలు ఇట్టి విదేశపు యంత్రములు మన పాటకేల యని కొందరందురు. హార్మోనియమును గూర్చియు నట్లే అనిరి. అది గమకము పలుకదని ఆకాశవాణివారు 1940వ సంవత్సరమున దానిని బహిష్కరించి, 1971 వరకును ఆ కట్టుబాటును సడలింపలేదు. ఆ ముప్పది సంవత్సరములలోనే అది మన పల్లెల భజన మందిరములలో స్థిరపడినది. కాబట్టి ఆ వాదము నటుంచి, వెల మాటయే చూతము.

నాదమును మార్చు ఉపాయము మనకు క్రొత్త కాదు. తంబుర గుర్రము మీద, తీగ క్రింద, చిన్న దారపు పోగు నుంచుదురు. దానిని జీవ యందురు. పోగు లేనిచో తీగ ముక్తసరిగా పలికి యూరకుండును. పోగును వెండ్రుకవాసి యిటునటు జరిపి సరియైన చోట నిలిపిన, అదే తీగ తేనెటీగల తుట్టెవలె ఝుమ్మని మ్రోగును. అప్పుడు మంద్ర షడ్జమపు తీగను మీటి చెవి యొగ్గిన, ఎవ్వరును మీటని అంతర గాంధారము దానంతట అదియే వినవచ్చును. ఒక్కొక్క స్వరములోను దానికి రెండింతలు, మూడింతలు, అయిదింతలు వేగముగా కంపించు అనుస్వరములు దాగి యుండును. జీవ వానిని పైకి తెచ్చును. ఆ పోగు వెల యెంత? బట్ట అంచున లాగిన దారమునకు వెల కట్టువా రెవ్వరు? దానిని నిలుపవలసిన చోటు నెఱిగిన చెవికే విలువ.

పెడలు చేయు పనియు నిట్టిదే. విద్యుత్ గిటారుకు ఇనుప తీగలుండును. వాని క్రింద అయస్కాంతమును, దాని చుట్టును వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగి తీగయు నుండును. పై తీగ కంపించినపుడు రాగి చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు అలలు అలలుగా పుట్టును. ఆ అలలను పెద్దవి చేసి, కాగితపు గంట గల స్పీకరునకు పంపిన ధ్వని యగును. ఈ త్రోవ నడుమ పెడలును పెట్టెదరు. గర్జన పుట్టించు పెడలులో ముందుగా అల పెంపబడును. పిమ్మట, కుంచములో రాశిగా పోసిన వడ్లను కఱ్ఱతో చదును చేసినట్లు, డయోడు అను చిన్న తునకలు ఆ అల శిరస్సును కోసివేయును. కోసిన అలలో మునుపు లేని అనుస్వరములు పుట్టుకొని వచ్చును. చెవికి అది గర్జనగా తోచును. కఱ్ఱతో ఒక్క వ్రేటున కోసిన ధ్వని కటువుగా నుండును. చేతితో నిమిరినట్లు గుండ్రముగా కోసిన మెత్తగా నుండును. వెలలలో ఎంత భేదమున్నను, ఈ జాతి పెడళ్లలో చాలవఱకు జరుగు పని యింతియే.

ఈ గర్జన పుట్టిన విధము వినదగినది. అమెరికాలోని నాష్విల్ నగరమున మార్టీ రాబిన్స్ అను గాయకుని పాట యొకటి, 1961లో వెలువడినది, ధ్వనిముద్రణ చేయుచుండగా యంత్రములోని ఒక భాగము చెడి, గ్రాడీ మార్టిన్ వాయించిన బేసు గిటారు బొంగురుగా పలికినది. దానిని తీసివేయక అట్లే యుంచిరి. జనులకు నచ్చెను. మఱుసటి సంవత్సరమున, అనగా 1962లో, ఆ లోపమునే కావలెనని కలుగజేయు చిన్న పెట్టెను మేస్ట్రో అను పేరుతో విక్రయించిరి. ఆరంభమున కొనువారు తక్కువ. 1965లో రోలింగ్ స్టోన్స్ అను ఆంగ్లేయ బృందము తమ పాట కెత్తుగడలోనే దానిని మ్రోగించిన పిదప గిరాకి పెరిగినది. ఒకనాటి మరమ్మతు లోపము ఈనాడు వేల రూపాయలకు అమ్ముడగుచున్నదన్న మాట.

మారుమ్రోత పెట్టెల మార్గము వేఱు. తొలుత అయస్కాంతపు టేపు మీద ధ్వనిని వ్రాసి, కొంచె మాలసించి మరల చదివించెడివారు. 1969లో ఫిలిప్స్ సంస్థలోని శాస్త్రజ్ఞులు ఒక చమత్కారము కనిపెట్టిరి. పూరిల్లు అంటుకొన్నపుడు బావి మొదలు ఇంటి వఱకు జనులు వరుసగా నిలిచి నీటి కడవలను చేతి నుండి చేతి కందింతురు గదా! అట్లే విద్యుత్తును వందలకొలది చిన్న గదులలో ఒకదాని నుండి మఱియొకదానికి అందించుచు పోయిన, అది తుద చేరునప్పటికి కొంత ఆలస్యమగును. ఆ ఆలస్యమే మారుమ్రోత. చేతులు మారుచుండగా కొంత నీరు ఒలికిపోవునట్లే ధ్వనిలోని తళుకు కొంత పోవును. ఆ మసక ధ్వనియే కొందఱికి ప్రీతి. నేటి పెట్టెలు ధ్వనిని అంకెలుగా మార్చి దాచి తిరిగి పలికించును; అందు తళుకు పోదు. అయినను మసకను కోరువారికై ఆ అంకెలతోనే మసకను కల్పించుచున్నారు!

ఇక లోపలి సామగ్రి వెల. జపానులో 1970ల చివర ఇబానెజ్ సంస్థవారు ట్యూబ్ స్క్రీమర్ అను ఆకుపచ్చని పెడలును చేసిరి. దాని హృదయము 4558 అను చిప్పు. ఆ జాతి చిప్పులే సాధారణ టేప్‌రికార్డర్లలోను ఉండెడివి. ఎలెక్ట్రానిక్ సరుకుల అంగడిలో నేటికిని అది పదుల రూపాయలకు దొరకును. డయోడు వెల రూపాయలలోనే. తక్కిన అంశములన్నియు కూడినను కొన్ని వందలు దాటుట అరుదు. అయినను ఆ తొలి సంవత్సరముల పాత పెడళ్లకు నేడు పెద్ద వెల పలుకుచున్నది.

ఇంతకంటె వింత క్లోన్ సెంటార్ కథ. అమెరికాలో బిల్ ఫినిగన్ అనునాయన 1994 చివర దానిని అమ్మ మొదలిడెను. సుమారు పదునైదేండ్లలో 8,000 మాత్రమే తయారైనవి. వానిలో అధిక భాగము ఆయన చేతి పనియే. అనుకరింపకుండుటకై లోపలి అంశములపై నల్లని జిగురు పోసి కప్పెను. కప్పిన వస్తువునందు మహత్తున్నదని లోకము తలచుట సహజము. నాలుగు వందల డాలర్ల లోపు వెలకు అమ్మిన పెట్టె నేడు వేల డాలర్లకు చేతులు మారుచున్నది. తుదకు కొందఱు ఆ జిగురును ఒలిచి చూచిరి. లోపల నేర్పుగల కూర్పే యుండెను గాని మంత్రమేమియు లేదు. 2013లో ఎలెక్ట్రో-హార్మోనిక్స్ సంస్థ ఇంచుమించు అదే కూర్పును నూరు డాలర్ల లోపు వెలకు విపణికి తెచ్చినది. ఫినిగన్ తాను పిమ్మట చేసిన పెడలు మీద, ఈ ఆర్భాటము తన సృష్టి కాదను అర్థమున ఒక వాక్యము ముద్రించెను. ఆయన నిజాయితీకి సంతోషించితిని.

అయినచో అధిక వెల యంతయు మోసమేనా? అట్లనుట అన్యాయము. విజయనగరము జిల్లా బొబ్బిలి దగ్గఱి గొల్లపల్లిలో సర్వసిద్ధి కులపు శిల్పులు ఒకే పనస దూలమును తొలిచి వీణ చేయుదురు. దూలము వెల ఎంత, వీణ వెల ఎంత యని లెక్క చూచినవాడు శిల్పి కడుపు కొట్టినవాడగును. కట్టె ఆరవలెను, కుండ తొలువవలెను, మైనములో ఇరువదినాలుగు మెట్లను చెవితో విని నిలుపవలెను. ఆ శ్రమ నాదమున వినబడును కూడ. చేతితో కొలదిగా పెడళ్లు చేయువారికిని ఇల్లు గడువవలెను గదా. గట్టి పెట్టె, వేలసార్లు త్రొక్కినను చెడని మీట, బుసబుస లేని నిశ్శబ్దము, ఇవి సొమ్మునకు వచ్చు నిజమైన గుణములు. కాని వీణలో శ్రమకొలది నాదము పెరుగును. పెడలులో అట్లు కాదు. తునకలు విద్యుత్తు నియమమునకు లోబడి పని చేయును; వానిని ఎవరు అతికినను, కూర్పు ఒకటియైన ఫలమును దాదాపు ఒకటియే. 1,500 రూపాయల దానికిని 6,000 రూపాయల దానికిని దార్ఢ్యమున భేదము కనబడవచ్చును. 6,000 దాటి 40,000 వఱకు పోవు మార్గమున కొనునది చాలవఱకు పేరు, అరుదుదనము, పై రంగు.

"లేదు, నా చెవికి భేదము తెలియుచున్నది" అని చిన్నవాడనును. అతడు అబద్ధమాడుట లేదు. వెల తెలిసిన చెవి వేఱుగా వినును. 2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరమున క్లాడియా ఫ్రిట్జ్ అను శాస్త్రజ్ఞురాలు, సహచరులతో కూడి, 21 మంది అనుభవజ్ఞులైన ఫిడేలు విద్వాంసులకు కన్నులు కనబడకుండ నల్లని అద్దములు పెట్టి ఆరు ఫిడేళ్లు వాయింప నిచ్చిరి. మూడు క్రొత్తవి. మూడు ఇటలీ దేశపు పురాతన వాద్యములు. అందు రెండు స్ట్రాడివారి చేసినవి, లక్షల డాలర్ల సొత్తు. విద్వాంసులలో ఎక్కువమంది క్రొత్తవానినే మెచ్చిరి. అన్నిటికంటె తక్కువ మెప్పు పొందినది ఒక స్ట్రాడివారి ఫిడేలే!

ఈ పరీక్ష మన యింటను చేయవచ్చును. చిన్నవాని మిత్రుల యొద్ద చవుక పెడలు నొకటి, ప్రియమైనది యొకటి ఎరువు తెచ్చుకొని, దుప్పటి యడ్డుగట్టి, ఒకడు పెట్టెలు మార్చుచుండ పదిమార్లు వాయింపించి, ఏది యేదో చెప్పుమనవలెను. ఒక్క జాగ్రత్త: రెండింటి బిగ్గఱతనమును సమముగా నుంచవలెను. కొంచెము గట్టిగా మ్రోగినదే మేలని చెవి మోసపోవును. దుకాణములలో చాలమందిని కొనిపించునది ఈ రహస్యమే.

వాద్యపు పలుకులో చేతి భాగ మెంతయో చూపుటకు మనవాడే యొకడున్నాడు. 1969లో పాలకొల్లున పుట్టి 2014లో పరమపదించిన మాండలిన్ శ్రీనివాస్. విద్యుత్ మాండలిన్‌కు జంట తీగలు మాని అయిదు ఒంటి తీగలు కట్టి, గమకములన్నియు ఎడమచేతి వ్రేళ్లతో పలికించెను. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు ఆయనకు పాఠము పాడి చెప్పిరి. వాద్యము వాయించి కాదు. మన మణుగూరు మండలము కూనవరమున డోలి మ్రోగించి కోయల వీరగాథలు గానము చేసి, 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్య గారు 2024లో గతించిరి. ఆ డోలిని అంగడిలో పెట్టిన ఎంత పలుకునో నేను చెప్పలేను.

కాబట్టి అడిగిన గృహస్థునకు నా సమాధాన మిది. ముందు చిన్నవాని స్పీకరును చూడుడు. పగిలిన గంటకు 40,000 రూపాయల పెడలు తగిలించుట చిల్లుకుండలో పాలు పోయుటయే. తీగలు త్రుప్పు పట్టినవా? గోదావరి తీరపు వానకాలమున అవి త్వరగా పట్టును. మంచి తీగల జత వందల రూపాయలలో వచ్చును. ధ్వనిలో వచ్చు భేదము ఏ పెడలుకును తీసిపోదు. వారమునకొకమారు పాఠము చెప్పు గురువు దొరకిన, సొమ్ము అచట వెచ్చింపుడు. ఇవి సరియైన పిమ్మటనే పెడలు. అదియు 6,000 లోపున, విప్పి చూడదగినది. జిగురు పోసినదియు, ఆవగింజలంతటి తునకలు అతికినదియు చెడినచో కొత్తగూడెములోని రేడియో మెకానికు చేతులెత్తివేయును. మరలు విప్పగానే లోపలి భాగములు కనబడు పెట్టె మీటను అతడు గంటలో మార్చి యిచ్చును. పెండ్లిండ్లలో వాయించి నెలనెలకు సంపాదించువాడు తన సంపాదనతో ఖరీదైనది కొనుకొన్న, అది వృత్తి పనిముట్టు, అడ్డు చెప్పకుడు. వాడినదే కొనుమనుడు, పేరున్న పెడళ్లకు తిరుగు వెల బాగుగా నుండును.

ఏ వెల పెట్టి కొన్నను విద్యుత్ అడాప్టరును గూర్చి యొక మాట. పెడళ్లకు సాధారణముగా 9 వోల్టులు కావలెను. అడాప్టరు ముక్కులో నడిమి పుల్ల ఋణము, వెలుపలి గొట్టము ధనము కావలెను. మన యిండ్లలోని ఇతర పరికరముల అడాప్టర్లు పెక్కింటిలో ఇది తలక్రిందులుగా నుండును. అది తగిలించిన పెడలు ఒక్క క్షణమున కాలిపోవచ్చును. పెట్టె వెనుక ముద్రించిన గుర్తును చూచి, అడాప్టరు మీది గుర్తుతో సరిపోల్చిన పిమ్మటనే తగిలింపుడని చిన్నవానితో చెప్పుడు.