జావాస్క్రిప్టు : సంధియు సంకలనమును



ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు తెలుగు వ్యాకరణము చెప్పినవాడు కంప్యూటరు భాషను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా దోచవచ్చును. 2015లో మన తాడేపల్లిగూడెమునకు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చినప్పుడు, ఈ విద్య యచ్చటి విద్యార్థులదే యని నేనును దలచితిని. నాకు దీనిని పట్టించినది ధాన్యపు లెక్క.

మా వీధి కౌలురైతులు పంట యమ్మిన పిదప చీటీలు దెచ్చి, "మాస్టారండీ, ఈ లెక్క ఓసారి చూసిపెట్టండి" అందురు. మన ప్రాంతమున ధాన్యపు బస్తా యనగా 75 కిలోలు. ప్రభుత్వము ధర కట్టునది 100 కిలోల క్వింటాలునకు. 2025-26 సార్వా పంటకు సాధారణ రకపు మద్దతు ధర క్వింటాలుకు 2369 రూపాయలు. బస్తాకు 1776 రూపాయల 75 పైసలు. ఒకటి రెండు చీటీలకు నోటిలెక్క చాలును. ఇరువది చీటీలు వచ్చిననాడు కన్ను తప్పును, నష్టము రైతునకు.

దసరా సెలవులకు వచ్చిన మా మనుమడు, "తాతగారూ, జావాస్క్రిప్టు నేర్చుకోండి, కొత్తగా కొనవలసినదేమీ లేదు" అనెను. ఈ భాష తొలిరూపమును 1995లో అమెరికాయందు నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ అనునాతడు పదిదినములలో నిర్మించెను. పేరు జూచి దీనిని జావా యను వేఱొక భాషకు బిడ్డ యనుకొనరాదు. మన రాగిజావకు అసలే కాదు.

వెబ్ పుటలను జూపు బ్రౌజరు మన బల్లమీది కంప్యూటరులో నుండనే యున్నది. ఈ భాష నర్థము చేసికొను శక్తి దానిలోనే కలదు. కావున వ్రాయుటకు నోట్‌ప్యాడు, నడిపించుటకు బ్రౌజరు, ఈ రెండును చాలును. ఇంటర్నెట్టు సైతము అక్కఱలేదు. పీహెచ్‌పీ వంటి భాషలకు సర్వరను మఱియొక యేర్పాటు కావలయును. తొలినాడు వాని జోలికి బోవలదు.

వ్రాసినదానిని దాచునప్పుడు మాత్రము జాగ్రత్త. పేరు చివర చుక్కపెట్టి హెచ్‌టీఎమ్‌ఎల్ అను నాలుగు ఆంగ్లాక్షరములు చేర్చవలెను. నోట్‌ప్యాడు తన యలవాటు చొప్పున వానికి తోకగా టీఎక్స్‌టీ అని తగిలించును. అప్పుడు వ్రాసినది వ్రాసినట్లే కనబడును గాని పని జరుగదు. 'ఆల్ ఫైల్స్' అనుదాని నెన్నుకొన్నచో ఈ చిక్కు తీరును. నాకీ తోక దొరకుటకు ఒక పూట పట్టినది.

పుటలో రెండు గడులు పెట్టి, ఒక్కొక్క చీటీలోని బస్తాల సంఖ్య వ్రాయునట్లు చేసితిని. ఒక్క చీటీయే యున్నప్పుడు ధరచే హెచ్చించిన సొమ్ము సరిగా వచ్చుచుండెను. వారము దినములు నా విద్యకు నేనే మురిసితిని. అంతట నొక రైతు రెండు చీటీలు దెచ్చెను: 40 బస్తాలు, 35 బస్తాలు. రెంటిని గలుపుమనగా యంత్రము 4035 అని చూపెను! అతడు నవ్వి, "అన్ని బస్తాలుంటే నేను కౌలెందుకు చేస్తానండీ?" అనెను.

తప్పు వ్రాసినచోటు తెలియుటకు ఎఫ్ 12 మీట నొక్కిన 'కన్సోల్' అను భాగము తెఱచుకొనును. తప్పున్న పంక్తి సంఖ్య యచట కనబడును. నొక్కి చూచితిని. ఏమియు లేదు. యంత్రము దృష్టిలో తప్పే జరుగలేదు.

కారణమిది. గడిలో మనము వ్రాసినది యంకెయైనను, యంత్రమున కది యక్షరముల వరుస మాత్రమే. కూడిక గుర్తునకు ఈ భాషలో రెండు పనులు: సంఖ్యలైన సంకలనము, అక్షరములైన చేర్పు. మనము రామ, అయ్య యను రెంటిని రామయ్య యని సంధి చేసినట్లు, అది నలుబదికి ముప్పదియైదును తగిలించెను. హెచ్చవేతకు అక్షరములతో పనిలేదు గనుక అచట తానే సంఖ్యగా మార్చుకొనును. అందువలననే వారము దినములు దోషము దాగినది.

మందు చిన్నది. ఒక్కొక్క గడిలోనిదానిని 'నంబర్' అను మాట ప్రక్కన కుండలీకరణములలో నుంచి, పిదప కూడవలెను. ఆ మాటలో మొదటి ఆంగ్లాక్షరము పెద్దబడిదే కావలయును, చిన్నబడి వ్రాసిన యంత్రమెఱుగదు. అట్లు దిద్దగా 75 బస్తాలు, 1,33,256 రూపాయల 25 పైసలు అని వచ్చెను. కాగితముమీద మరల వేసి చూచితిని, సరిపోయినది.

మద్దతు ధరకే కొంటినన్న వ్యాపారి చీటీలలో దీనికంటె మూడువందలు తక్కువగా నుండెను. రైతు ఆ కాగితమును మడచి జేబులో పెట్టుకొని, చీకటిపడకముందే గూడెము బజారునకు బయలుదేఱెను.