షుగర్ ఉంటే బఠానీలు తినొచ్చా? పచ్చివా, ఎండువా, వేపినవా.. ఏవి మంచివంటే!

కోనసీమలో అన్నం లేని భోజనం ఊహించడం కష్టం. అమలాపురం, రాజోలు, కొత్తపేట.. ఎక్కడైనా అంతే. ఇంట్లో ఒకరికి షుగర్ వచ్చిందంటే వెంటనే వచ్చే ప్రశ్న.. ఇక ఏం తినాలి? ఇక్కడ బఠానీ బాగా పనికొస్తుంది. కాకపోతే ఏ రూపంలో తింటున్నామన్నదే ముఖ్యం.

జీఐ ఎంత?

ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే కొలతే గ్లైసీమిక్ ఇండెక్స్ (జీఐ). 55 వరకు ఉంటే తక్కువ, 70, ఆపైన ఉంటే ఎక్కువ. తెల్ల అన్నం జీఐ సాధారణంగా 70 చుట్టూ ఉంటుంది. పచ్చి బఠానీది 50 దగ్గర. ఉడికించిన ఎండు బఠానీ, బఠానీ పప్పు ఇంకా తక్కువ, సుమారు 20 నుంచి 35 మధ్యే.

ఎండు బఠానీ: రాత్రంతా నానబెట్టి, ఉడికించి తాలింపు వేసుకునే గుగ్గిళ్లు మంచి ఎంపిక. గింజలోని పిండిపదార్థం పీచు గోడల మధ్య ఉండటంతో నెమ్మదిగా అరుగుతుంది. అదే మెత్తగా పిండి పట్టిస్తే ఆ గోడలు పగిలిపోయి త్వరగా అరుగుతుంది.

పచ్చి బఠానీ: కూరల్లో నిశ్చింతగా వాడొచ్చు. 100 గ్రాముల్లో సుమారు 5 గ్రాముల పీచు, 5 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి.

వేపినవి, చాట్: వేపిన బఠానీలో నూనె, ఉప్పు ఎక్కువ. బండి దగ్గర చాట్‌లో బఠానీతో పాటు పూరీలు, తీపి చట్నీ, బంగాళాదుంప కూడా కడుపులోకి వెళ్తాయి. ఎప్పుడో ఒకసారి చాలు.

అసలు పొరపాటు ఇదే!

కంచం నిండా అన్నం పెట్టుకుని, పక్కన బఠానీ కూర వేసుకుంటే లాభం లేదు. అన్నం తగ్గించి, ఆ చోటులో బఠానీ పెట్టాలి. 100 గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటే, పచ్చి బఠానీలో అందులో సగమే.

కొనేటప్పుడు జాగ్రత్త. ఆకుపచ్చ బఠానీని అరగంట నీళ్లలో ఉంచితే నీటికి రంగు దిగిందా? రంగు కలిపినట్టే, వాడొద్దు.

ఇన్సులిన్, మాత్రలు వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. కిడ్నీ సమస్య ఉన్నవారికి బఠానీ పరిమితి వేరు. వీళ్లు ముందుగా డాక్టర్‌ని అడగాలి.

(గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. వైద్య సలహాకు ప్రత్యామ్నాయం కాదు.)