ఒక్క అక్షరం తేడా

బెల్జియంలో పియెట్రెన్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి పేరే ఒక పంది జాతికి పెట్టారు. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలు. వెనక తొడలు చూస్తే జిమ్‌లో ఒక్క లెగ్ డే కూడా మానలేదేమో అనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో జనం కొవ్వు తక్కువున్న మాంసం అడగడం మొదలుపెట్టారు. దాంతో చుట్టుపక్కల దేశాలవాళ్ళు పియెట్రెన్ మగ పందుల్ని తెప్పించుకున్నారు.

మగవే ఎందుకంటే, ఆడది ఏడాదికి ఈనేది రెండుసార్లు, మహా అయితే ఇంకొంచెం. మగదైతే కృత్రిమ గర్భధారణతో వందల పిల్లలకి తండ్రవుతుంది. ఇంకో లెక్క కూడా ఉంది. వీపు కొవ్వు మందం వారసత్వంగా బాగా దిగుతుంది, హెరిటబిలిటీ 0.4 నుంచి 0.5 దాకా. ఈతకి ఎన్ని పిల్లలు అనేదానికి అది 0.1 చుట్టూనే. అందుకే పని పంచేశారు: ఎక్కువ పిల్లల్ని కనే లార్జ్ వైట్, లాండ్రేస్ సంకరం తల్లి, కండ ఉన్న పియెట్రెన్ తండ్రి. పుట్టినవన్నీ మాంసానికే. కొవ్వు కొలవడానికి పందిని కొయ్యక్కర్లేదు. చివరి పక్కటెముక దగ్గర, వెన్ను మధ్య గీతకి 65 మిల్లీమీటర్ల పక్కన అల్ట్రాసౌండ్ పెడితే చాలు.

కానీ కండ చూసి ఏరుకుంటూ పోతే, దాంతో పాటు ఇంకోటి కూడా వచ్చేసింది. లారీ ఎక్కించినా, ఎండ తగిలినా, తోటి పందులతో పోట్లాడినా కొన్ని పందులు ఒళ్ళు బిగుసుకుపోయి, కాలిపోయేంత జ్వరంతో చచ్చిపోయేవి. బతికి కబేళా చేరినవాటిలో కూడా, ఒంటి వేడి తగ్గకముందే కండరంలో ఆమ్లం పెరిగిపోయి మాంసం పాలిపోయేది, నీళ్ళు కారేది. అలాంటి మాంసం ఎవరు కొంటారు?

1970ల్లో దీనికో పరీక్ష దొరికింది. పిల్లకి మాస్కు పెట్టి హాలోథేన్ అనే మత్తు వాయువు పీల్పిస్తారు. కాళ్ళు కర్రల్లా బిగిస్తే దోషం ఉన్నట్టు. చిక్కేమిటంటే, దోషమున్న జన్యువు రెండు కాపీలూ ఉంటేనే కాళ్ళు బిగుస్తాయి. ఒక్క కాపీ ఉన్నది హాయిగా పాసైపోయి, తన పిల్లల్లో సగానికి దాన్ని అంటగడుతుంది. టెస్ట్ కేసులన్నీ పాసైన బగ్ లాంటిది.

1991లో టొరంటో పరిశోధకులు అసలు చోటు పట్టుకున్నారు. కండర కణంలో కాల్షియాన్ని వదిలే తలుపు లాంటి ప్రోటీన్ ఒకటుంది. దాని జన్యువులో 1843వ అక్షరం సి బదులు టి అయింది, అంతే. తలుపు తెరుచుకుంటే సరిగ్గా మూసుకోదు. అప్పట్నుంచి డీఎన్ఏ పరీక్షతో ఒక్క కాపీ ఉన్నవాటిని కూడా పట్టుకోవచ్చు.

నాకు కోపం తెప్పించేది ఇక్కడే. పరీక్ష వచ్చాక కూడా కొందరు పెంపకందార్లు ఆ జన్యువుని కావాలనే ఉంచుకున్నారు. ఎందుకంటే ఒక్క కాపీ ఉన్నా కండ కొంచెం ఎక్కువొస్తుంది, కండని బట్టే డబ్బులొస్తాయి. లారీలో చచ్చేది మాత్రం పంది.

లీజ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో దారి చూపించారు. లార్జ్ వైట్ నుంచి మంచి కాపీని తెచ్చి, ఆ సంకరాన్ని మళ్ళీ మళ్ళీ పియెట్రెన్‌తోనే కలిపారు. ప్రతి తరంలో లార్జ్ వైట్ వాటా సగమవుతూ పోతుంది, మంచి కాపీ ఉన్న పిల్లల్నే ముందుకు తీసుకెళ్తారు. చివరికి మిగిలింది అదే తొడలు, అదే మచ్చలున్న పియెట్రెన్. లారీ ఎక్కినా బిగుసుకుపోదు.