తొంభయ్యో కిలోమీటరు దగ్గర ఇంటర్వెల్!

మంచినీళ్ళు అయిపోయాయి! నోరు పిడచకట్టుకుపోతోంది. ఈత అయింది, సైకిలు అయింది, ఇప్పుడు మారథాన్ పరుగు. అందరికంటే ముందున్నది మన కుర్రాడే. అలాంటి సమయంలో వెంట ఉన్న మనుషులు అతని చేతికి ఏమందించారో తెలుసా? బీరు!

కామెడీ ట్రాక్ అనుకునేరు. కాదు. 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఒవాహు దీవిలో నిజంగా జరిగిన సంగతి. అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన శ్రీమతి జూడీ కలిసి తలపెట్టిన మొట్టమొదటి ‘ఐరన్‌మ్యాన్’ పోటీ అది. 15 మంది బయల్దేరితే 12 మంది గట్టెక్కారు. తిండీ నీళ్ళూ అందించడానికి ఎవరి మనుషుల్ని వాళ్ళే తెచ్చుకోవాలి. ముందు పరుగెడుతున్న జాన్ డన్‌బార్ తాలూకు మనుషుల దగ్గర నీళ్ళు నిండుకున్నాయి. చేతిలో ఉన్నది బీరు... అదే ఇచ్చారు! చివరికి గోర్డన్ హాలర్ అతన్ని దాటేసి 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. డన్‌బార్‌ది రెండో స్థానం.

ఓటమికి బీరొక్కటే కారణమని నేననను. కానీ దారి మధ్యలో చేతికి అందే సరుకు ఎంత ముఖ్యమో ఈ ఒక్క సీను చాలు చెప్పడానికి.

ఇంటర్వెల్ సంచి అంటే...

ఇప్పుడు పద్ధతి మారింది. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు - ఎక్కువ చోట్ల మొత్తం 17 గంటల్లో పూర్తి చేయాలి. సొంత మనుషుల సాయం తీసుకోకూడదు. దారి పొడుగునా నిర్వాహకులే నీళ్ళూ, అరటిపళ్ళూ, తీపి పానీయాలూ ఇస్తారు. వాటితోపాటు ‘స్పెషల్ నీడ్స్ బ్యాగ్’ అని ఇంకో ఏర్పాటుంది. పోటీ రోజు పొద్దున్నే రెండు సంచులు కట్టి, మీ నంబరు అంటించి అప్పగించాలి. ఒకటి సైకిలు దారిలో సుమారు సగం దగ్గర, అంటే తొంభయ్యో కిలోమీటరు ప్రాంతంలో దొరుకుతుంది. రెండోది పరుగు సగమయ్యాక. మీ నంబరు చూసి వాలంటీర్లు సంచి తీసి చేతికిస్తారు. అచ్చంగా మన ఇంటర్వెలే! సమోసా ఏం కావాలో మాత్రం తెల్లవారకముందే రాసిచ్చెయ్యాలి.

‘మేడ్ ఇన్ ఇండియా’ పాట వీడియోతో 1995లో దేశాన్ని ఊపేసిన మిలింద్ సోమన్, ఈ పూర్తి దూరాన్ని 2015లో జ్యూరిక్‌లో 15 గంటల 19 నిమిషాల్లో ముగించాడు. అప్పటికి ఆయనకు 49 ఏళ్ళు. ‘రేయ్’ (2015)తో మన తెరకు పరిచయమై, ‘వైల్డ్ డాగ్’ (2021)లో నాగార్జునతో నటించిన సయామీ ఖేర్ కూడా 2024లో జర్మనీలో సగం దూరం పోటీ పూర్తి చేసింది. సగం దూరం పోటీల్లో మామూలుగా ఈ సంచులుండవు. సినిమా పొట్టిదైతే ఇంటర్వెల్ ఎందుకు చెప్పండి!

లాల్‌దర్వాజాలో చాప పరిచి...

నాకు ఈ సంచి విలువ తెలిసింది మాత్రం పాతబస్తీలో, లాల్‌దర్వాజా దగ్గర ఉండే ఒక మిత్రుడి ఇంట్లో. పేరు వద్దన్నాడు. ఉదయం నాలుగింటికి, చార్మినార్ చుట్టూ జనం చేరకముందే సైకిలు తీసే మనిషి. ఏళ్ళ తరబడి జీతంలోంచి దాచిన డబ్బుతో పోయినసారి విదేశంలో పోటీకి వెళ్ళాడు. పరుగులో 24 కిలోమీటర్ల దగ్గర రోడ్డు పక్కన కూలబడ్డాడు. లేచేసరికి గడువు దాటిపోయింది.

“సంచిల ఉన్నదంతా తీపే అన్నా! జెల్లులు, చాక్లెట్లు. పొద్దుగాల నుంచి పదిగంటలు తీపే తిన్న. అది ఇప్పేసరికి వాసనకే కడుపుల తిప్పింది. చాక్లెట్ కరిగి సాక్సులకు అంటింది. ఇగ ఏం తింట, ఏం తొడుక్కుంట?” అన్నాడు నవ్వుతూనే. నవ్వు కళ్ళదాకా రాలేదు.

దీని వెనక శాస్త్రం ఉంది. ఇంత పొడుగాటి పోటీలో గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం కడుపులోకి వెళ్ళాలని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. అదంతా తీపి రూపంలోనే వెళితే కొన్ని గంటలకు నాలుక ఎదురు తిరుగుతుంది. మరోపక్క చెమటలో ఉప్పు పోతూ ఉంటుంది. ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. ముదిరితే ప్రాణం మీదికే వస్తుంది. నీళ్ళు ఎంత ఎక్కువ తాగితే అంత మంచిదనుకునే కుర్రాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈసారి అతను సరుకు కోసం ఎక్కడికీ పోలేదు. చార్మినార్ దాకా నడిచాడంతే! ఉస్మానియా బిస్కెట్లు కొన్నాడు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మోస్తున్న ఈ బిస్కెట్‌లో తీపీ ఉప్పూ రెండూ ఉన్నాయి. గింజ తీసిన ఖర్జూరాలు, పల్లీపట్టి, ఉప్పు పట్టించిన పల్లీలు, ఉప్పు కలిపిన నిమ్మరసం పొడి... చాప మీద వరసగా పేర్చాడు. వాళ్ళమ్మగారు సకినాల డబ్బా పట్టుకొచ్చారు. ఉప్పగా, కరకరలాడుతూ ఉంటాయి గదా! నాలుగు పెట్టాడు.

“హలీం పెట్టుకోరాదూ?” అన్నాను నేను.

“అది తింటే సైకిల్ తొక్కుతనా అన్నా, పడుకుంట!”

నిజమే. మాంసం, నెయ్యి నిదానంగా అరుగుతాయి. హలీం విందుకు రాజు, రేసుకు కాదు. ఆ మాటకొస్తే పల్లీలూ సకినాలూ కూడా నూనె సరుకే. అవి కడుపు నింపడానికి కాదు, నాలుక రుచి మార్చడానికి మాత్రమే. చాప మీదున్న ప్రతి వస్తువునూ అతను ఆరు ఆదివారాలు సైకిలు మీద తిని చూశాడు. పోటీ రోజున కొత్త తిండి, కొత్త బూట్లు పనికిరావన్నది అందరూ చెప్పే నియమం. రిహార్సల్ లేకుండా టేక్‌కి వెళ్ళకూడదు! విదేశాల్లో పోటీ అయితే ఆ దేశంలోకి ఏ తిండి తీసుకెళ్ళనిస్తారో ముందే చూసుకోవాలి.

సైకిలు సంచిలో వీటితోపాటు ఒక ట్యూబు, గాలి నింపే చిన్న సిలిండరు, చెయిన్ లింకు. పరుగు సంచిలో విడిగా ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పొడి సాక్సులు, వేజ్‌లీన్, పొక్కులకు ప్లాస్టరు, చీకటి పడ్డాక చలికి పొడుగు చేతుల చొక్కా. గాజు సీసాలు వద్దు. కరిగేవి వద్దు.

మళ్ళీ రాని సంచి

అప్పుడే అమ్మగారు లోపలికెళ్ళి ఒక పాత చేతిగడియారం తెచ్చారు. పోయిన భర్తది. “ఇది గూడ పెట్టు బిడ్డా, నాయిన ఎంబడి ఉన్నట్టుంటది.”

మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. “ఆ సంచి మళ్ల రాదమ్మా” అన్నాడు చివరికి.

చాలా పోటీల్లో ఈ సంచులు తిరిగివ్వరు. వాడగా మిగిలింది అక్కడే పారేస్తారు. అందుకే పోగొట్టుకోలేనిది ఏదీ అందులో పెట్టకూడదు. ఆవిడ గడియారం మళ్ళీ బీరువాలో పెట్టేశారు. కాగితం ముక్క మీద ఏదో రాసి పరుగు సంచిలో వేశారు. తొంగిచూశాను. “తిని లే బిడ్డా” అని ఉంది. పోయినసారి అతను కూలబడ్డ సంగతి ఆవిడ మర్చిపోలేదు మరి!

ఈ సంచి కిటుకు సరుకుల జాబితాలో లేదని నాకు అప్పుడు తెలిసింది. కట్టేవాడు నిద్రపోయి లేచిన మనిషి, కడుపు నిండిన మనిషి. విప్పేవాడు అలసి, వాంతి వచ్చి, చీకట్లో ఒంటరిగా ఉన్న మనిషి. ఇద్దరి పేరూ ఒకటే గానీ రుచులు వేరు, కోరికలు వేరు. మొదటివాడు రెండోవాడి మాట వినాలి. పోయినసారి నా మిత్రుడు తనకు అప్పటికి ఇష్టమైనవి పెట్టాడు. ఈసారి అప్పుడు ఏం కావాలో పెట్టాడు. పాతబస్తీకి ఇది కొత్త విద్యేమీ కాదు. రంజాన్ నెలలో తెల్లవారకముందు సహర్‌లో కూర్చునేవాళ్ళు, ఆకలి లేని వేళ సాయంత్రం ఆకలిని తలుచుకునే తింటారు. ఇఫ్తార్‌కి ముందుగా అందుకునేది మళ్ళీ ఆ ఖర్జూరమే!

మీలో ఎందరు ఐరన్‌మ్యాన్‌కి వెళతారో నాకు తెలీదు. కానీ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన, సోలార్ కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీదికో, ఏ పది కిలోమీటర్ల పరుగుకో సరదాగా వెళ్ళేవాళ్ళు చాలామందే ఉంటారు. ముందు రోజు రాత్రి చిన్న సంచి కట్టుకోండి: కాస్త తీపి, కాస్త ఉప్పు, పొడి సాక్సులు, మీ వాళ్ళు రాసిన ఒక్క ముక్క. కొందరు పోటీదారులు ఒంట్లో ఓపికుంటే ఆ సంచి అందుకోకుండానే దాటిపోతారట. మీకూ విప్పే అవసరం రాకపోతే మరీ మంచిది. కట్టుకోకుండా మాత్రం బయల్దేరకండి!